గుండె మార్పిడి చేయించుకునేవారికి ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువగా ఉంటే: ఏ దశలో ఏం జరుగుతుంది, ఏం అడగాలి, ఏం చేయాలి

“సిస్టర్, గుండెనే మార్చేస్తామంటున్నారు కదా. మళ్లీ లంగ్స్‌లో బీపీ ఎక్కువుందని ఆపడం ఏంటి?”

ఫైలు చంకలో పెట్టుకుని వచ్చే ఇంటివాళ్లు ఏదో ఒక రోజు నన్ను ఈ మాట అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. పాతది చెడింది, కొత్తది పెడతారు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ కొత్త గుండె వచ్చి చేరేది పాత ఊపిరితిత్తుల మధ్యకే. అక్కడి రక్తనాళాలు ఏళ్ల తరబడి ఆ చెడిన గుండెతో కాపురం చేసినవి. గుండె మారిన రాత్రే అవి మారిపోవు.

నేను కార్డియాక్ ఐసీయూలో చాలా ఏళ్లు సిస్టర్‌గా చేసి, ఇప్పుడు ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా ఉన్నాను. డాక్టర్ని కాదు. ఇక్కడ రాసిన అంకెలు, మందుల పేర్లు మీ డాక్టరు చెప్పేది మీకు అర్థం కావడానికే. వీటిని చూసి ఇంట్లో ఒక్క బిళ్ల కూడా పెంచకండి, తగ్గించకండి.

ముందుగా, తూము సంగతి

ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని గుండె కుడి గది ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అక్కడ గాలి పట్టించుకున్న రక్తాన్ని ఎడమ గది ఒళ్లంతటికీ పంపుతుంది. గుండె మార్పిడి దాకా వచ్చేవారిలో ఎక్కువమందికి ముందు చెడేది ఎడమ గదే.

కాలువ చివర తూము సరిగా తెరుచుకోకపోతే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి, కాలువలో మట్టం పెరుగుతుంది. ఎడమ గది బలహీనపడితే ఊపిరితిత్తుల్లో జరిగేది ఇదే. మొదట్లో అది ఒట్టి ఎగదన్నుడే. తూము బాగుచేస్తే మట్టం దిగిపోతుంది. అలాగే ఏళ్లు గడిస్తే మాత్రం సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి, వాటి గోడలు మందమెక్కుతాయి. అది పూడిక లాంటిది. తూము కొత్తది పెట్టినా పూడిక అక్కడే ఉంటుంది.

ఇక ఆ పూడిక మీదికి రక్తం తోయాల్సిన కొత్త కుడి గది ఎలాంటిది? నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషిది. గోడ పల్చగా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ప్రెషర్‌కు అటూ ఇటూగా తోయడమే దానికి అలవాటు. దాన్ని తెచ్చి ఒక్క రాత్రిలో 60 మీద తోయమంటే ఎదురుతిరుగుతుంది. మీ మనిషి పాత కుడి గదికి ఆ బరువు మెల్లమెల్లగా ఏళ్ల మీద అలవాటైంది. కొత్తదానికి ఆ తీరిక లేదు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో మొదటి గుండె మార్పిడి జరిగిన నాలుగేళ్లకే, 1971లో, స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఈ ప్రమాదాన్ని గుర్తించి రాశారు. ఆపరేషన్‌కు ముందూ, ఆ రోజూ, తర్వాతా చేసేదంతా ఆ పల్చటి కుడి గదిని కాపాడుకోవడానికే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదటి దశ: ఎకో చాలదు, క్యాత్ చేయించాలి

టూడీ ఎకో రిపోర్టులో “ఆర్‌వీఎస్‌పీ 58” అని చూసి చాలామంది హడలిపోతారు. అది కుడి గది ఎంత ప్రెషర్‌తో తోస్తోందో చెప్పే అంచనా మాత్రమే. కుడి వైపు కవాటం దగ్గర వెనక్కి కారే రక్తం వేగాన్ని బట్టి మెషీన్ లెక్క కడుతుంది. అనుమానం రావడానికి అది చాలు, నిర్ణయం తీసుకోవడానికి చాలదు. మార్పిడి జాబితాలో చేర్చే ముందు పెద్దవాళ్లందరికీ రైట్ హార్ట్ క్యాత్ చేయాలన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం.

పేరు విని బైపాస్ లాంటిదేమో అనుకోకండి. మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోకి, చివర చిన్న బెలూన్ ఉన్న సన్న గొట్టం పంపుతారు. గుచ్చే చోట మత్తు ఇస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. రక్తప్రవాహమే ఆ బెలూన్‌ను కుడి గదిలోంచి ఊపిరితిత్తుల నాళంలోకి తీసుకుపోతుంది. దారి పొడవునా ప్రెషర్ రాసుకుంటారు. చివర బెలూన్ ఒక సన్న నాళంలో అడ్డంగా కూర్చున్నప్పుడు వచ్చే అంకెను వెడ్జ్ అంటారు. ఎడమ గుండె వైపు నుంచి ఎంత ఒత్తిడి ఎగదన్నుతోందో దానివల్ల తెలుస్తుంది.

రిపోర్టు మీ చేతికి వచ్చాక మూడు అంకెలు వెతకండి: మీన్ పీఏ (ఊపిరితిత్తుల నాళంలో సగటు ప్రెషర్), వెడ్జ్, కార్డియాక్ అవుట్‌పుట్ (గుండె నిమిషానికి తోసే రక్తం). మీన్ పీఏలోంచి వెడ్జ్ తీసేసి, వచ్చినదాన్ని కార్డియాక్ అవుట్‌పుట్‌తో భాగిస్తే పీవీఆర్ వస్తుంది. పూడిక ఎంతుందో చెప్పే అంకె ఇది. దీన్ని వుడ్ యూనిట్లలో లెక్కిస్తారు. కొన్ని రిపోర్టుల్లో 320 లాంటి పెద్ద అంకె ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, దాన్ని 80తో భాగిస్తే వుడ్ యూనిట్లు వచ్చేస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పీఏ 62/26, మీన్ 38. వెడ్జ్ 24. అవుట్‌పుట్ నిమిషానికి 3.5 లీటర్లు. 38లోంచి 24 పోతే 14. దాన్ని 3.5తో భాగిస్తే 4. అంటే పీవీఆర్ 4 వుడ్ యూనిట్లు. ఆరోగ్యవంతులకు ఇది 2 లోపే ఉంటుంది. మధ్యలో వచ్చిన ఆ 14ను టీపీజీ అంటారు. అదీ రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట. పీఏ ప్రెషర్ ఒక్కటే చూసి మంచీ చెడూ తేల్చకూడదు. ఒకరికి మీన్ పీఏ 40, వెడ్జ్ 30, అవుట్‌పుట్ 4 అనుకోండి. పీవీఆర్ 2.5 వస్తుంది. ప్రెషర్ మన మొదటి మనిషికన్నా ఎక్కువే, కానీ అందులో ఎక్కువ భాగం తూము వల్ల వచ్చింది. ఈ మనిషి పరిస్థితి నయం. “ప్రెషర్ ఎంత?” అని అడిగి ఊరుకోకుండా “వెడ్జ్ ఎంత, పీవీఆర్ ఎంత?” అని కూడా అడగండి.

తప్పంతా గుండె మీదికే నెట్టే ముందు ఊపిరితిత్తులను కూడా చూడాలి. రాత్రిళ్లు గురకపెట్టి ఊపిరాగి లేచే అలవాటు, ఏళ్ల తరబడి బీడీ లేదా కట్టెల పొయ్యి పొగ, ఊపిరితిత్తుల్లో ఎప్పుడో చేరి కరగని గడ్డలు, వీటిలో ఏదున్నా ప్రెషర్ పెరుగుతుంది. గురక సంగతి పేషెంటు చెప్పడు, ఆయనకు తెలియదు కాబట్టి. పక్కన పడుకునేవాళ్లే చెప్పాలి.

రెండో దశ: మందు ఇచ్చి మళ్లీ కొలవడం

పీఏ ప్రెషర్ పై అంకె 50 లేదా అంతకన్నా ఎక్కువగా ఉండి, దాంతోపాటు టీపీజీ 15కు చేరినా, పీవీఆర్ 3 దాటినా, క్యాత్ టేబుల్ మీదే మందు ఇచ్చి మళ్లీ కొలుస్తారు. నైట్రోప్రసైడ్, మిల్రినోన్, పీల్చే నైట్రిక్ ఆక్సైడ్, వీటిలో ఆ ఆసుపత్రికి అలవాటైనది వాడతారు. నాళాలు ఇంకా సాగుతాయా, గట్టిపడిపోయాయా అని తేల్చే పరీక్ష ఇది.

మన ఉదాహరణలోని మనిషికి నైట్రోప్రసైడ్ ఎక్కించారనుకుందాం. మీన్ పీఏ 28కి, వెడ్జ్ 16కి దిగాయి. అవుట్‌పుట్ 4.8కి పెరిగింది. 12ను 4.8తో భాగిస్తే 2.5. చేతి బీపీ పై అంకె 112 నుంచి 94కు మాత్రమే తగ్గింది. ఇది మంచి కబురు, నాళాలు మాట వింటున్నాయి.

ఇదే మందు ఇంకొకరికి ఇస్తే పీవీఆర్ 2.4కి వచ్చింది గానీ చేతి బీపీ 78కి పడిపోయింది. అంకె బాగున్నా దీన్ని పాస్ అనరు. బీపీ పై అంకెను 85 పైన నిలబెడుతూ పీవీఆర్ తగ్గాలి. బీపీ కూలిస్తే తప్ప తగ్గలేదంటే, మార్పిడి తర్వాత కుడి గది దెబ్బతినే ప్రమాదం ఎక్కువేనని లెక్క. రిపోర్టులో మందు ఇచ్చాక వచ్చిన పీవీఆర్ పక్కనే అప్పటి బీపీ రాసి ఉందో లేదో చూసుకోండి. రెండో అభిప్రాయం కోసం వేరే ఊరు వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు ముందుగా వెతికేది ఆ జంట అంకెల కోసమే.

మూడో దశ: మొదటిసారి తగ్గకపోతే

టేబుల్ మీద తగ్గలేదంటే తలుపులు మూసుకుపోయినట్టు కాదు. ఐసీయూలో చేర్చి, ఆ గొట్టం అలాగే ఉంచి, మూత్రం మందులు, గుండెకు ఊతమిచ్చే డ్రిప్పులు, నాళాలు వదులు చేసే మందులు ఇస్తూ 24 నుంచి 48 గంటలు చూస్తారు. ఒంట్లో నీరు తీసేసరికే చాలామందికి అంకెలు దిగుతాయి.

అప్పటికీ మొండికేస్తే ఎడమ గదికి తోడుగా ఎల్‌వాడ్ అనే పంపు పెడతారు. ఇది ఎగదన్నుడును నెలల తరబడి తగ్గించి ఉంచుతుంది. 3 నుంచి 6 నెలల తర్వాత మళ్లీ క్యాత్ చేస్తే, గట్టిపడిపోయాయనుకున్న నాళాలు వదులైనట్టు కనిపించడం అరుదేమీ కాదు. ఖర్చు చాలా పెద్దది, ఆ మాట దాచను. అందుకే “పంపు పెట్టించండి” అని ఎవరైనా అంటే, ఏ పథకం కింద ఎంత వస్తుందో, చేతినుంచి ఎంత పడుతుందో కాగితం మీద రాయించుకున్నాకే అడుగు వేయండి.

అన్నీ చేశాక కూడా పీవీఆర్ 5 పైనే ఉండిపోతే ఒట్టి గుండె మార్పిడి ప్రమాదకరమే. అప్పుడు గుండె, ఊపిరితిత్తులు కలిపి మార్చే సంగతి మాట్లాడతారు.

ఈ దశలోనే ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఎవరో బంధువుకు లంగ్స్ బీపీకి సిల్డెనాఫిల్ పనిచేసిందని విని, ఆ బిళ్లే తెచ్చి వేసేస్తారు. ఎడమ గది చెడి వెడ్జ్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల నాళాలు ఒక్కసారిగా తెరిస్తే, తూము మూసి ఉండగానే పైనుంచి నీళ్లు వదిలినట్టే. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదరవచ్చు. బోసెంటాన్ లాంటి మందులకైతే ఒంట్లో నీరు నిలిపే గుణం కూడా ఉంది. మార్పిడికి ముందు ఈ మందులు ఎవరికి పనికొస్తాయో క్యాత్ అంకెలు ఎదురుగా పెట్టుకున్న డాక్టరే చెప్పాలి.

నాలుగో దశ: జాబితాలో పేరుండి ఎదురుచూసే రోజులు

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అవయవాల కేటాయింపు జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ద్వారా జరుగుతుంది. పేరు నమోదయ్యాక ఫోను ఎప్పుడు మోగుతుందో ఎవరూ చెప్పలేరు. క్యాత్‌లో వచ్చిన మంచి అంకెను ఆ రోజు దాకా నిలబెట్టుకోవడం మాత్రం ఇంటివాళ్ల చేతుల్లో ఉంది.

రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే తూకం మిషన్ మీద బరువు చూడండి. క్యాలెండర్ మీదే రాయండి, వేరే పుస్తకం పెడితే వారానికి మానేస్తారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే ఫోన్ చేయండి.

డాక్టరు రోజుకు లీటరున్నర అన్నారంటే మజ్జిగ, చారు, టీ, బిళ్లలు మింగే నీళ్లు అన్నీ అందులోనే. నేను చెప్పే చిట్కా ఒకటుంది. లీటరున్నర సీసా నిండా నీళ్లు పోసి పెట్టండి. పేషెంటు ఏం తాగినా అంత నీళ్లు సీసాలోంచి పారబోయండి. సీసా ఖాళీ అయ్యిందంటే ఆ రోజుకు ఇక అయిపోయినట్టే.

ఉప్పు దగ్గరే మనవాళ్లతో పెద్ద పేచీ. “కూరలో ఉప్పు సగం చేశామండీ” అంటారు, పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉంటాయి. ఒకాయన సంక్రాంతికి ఊరెళ్లి జంతికలు, పచ్చళ్లతో నాలుగు రోజులు గడిపి మూడు కిలోలు పెరిగి వచ్చాడు. నెల క్రితం 16 ఉన్న వెడ్జ్ మళ్లీ 27కి పోయింది. వారం రోజులు వార్డులో పెట్టి నీరు తీయాల్సి వచ్చింది. ఆ వారంలో ఆయన బ్లడ్ గ్రూపు గుండె వచ్చి ఉంటే ఆయన పేరు పక్కన పెట్టేవాళ్లం.

ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్ బిళ్లలు పూర్తిగా మానేయాలి. అవి ఒంట్లో నీరు నిలుపుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. మార్పిడి తర్వాత కూడా ఇదే నియమం, ఇంకా గట్టిగా.

జాబితాలో ఉండగా 3 నుంచి 6 నెలలకోసారి క్యాత్ మళ్లీ చేస్తారు. “ఒకసారి చేశారుగా” అని తప్పించుకోవద్దు. పోయిన ఏడాది అంకెతో ఈ రోజు గుండె పెట్టలేరు.

ఐదో దశ: గుండె వచ్చిన రోజు

ఆ రోజు మీరు చేయగలిగింది తక్కువ. ఫోన్ ఎత్తడం, ఏమీ తినకుండా బయల్దేరడం, జ్వరం గానీ విరేచనాలు గానీ ఉంటే దాచకుండా చెప్పడం, అంతే. అయితే వచ్చిన గుండెను డాక్టర్లు వద్దంటే ఎందుకన్నారో అర్థం కావాలి. లంగ్స్ బీపీ ఉన్నవారికి దాత శరీరం చిన్నదైతే ఇబ్బంది. 80 కిలోల మగమనిషికి 50 కిలోల ఆడమనిషి గుండె పెడితే, దాని కుడి గది ఆ బరువు లాగలేకపోవచ్చు. సరిసమానంగా గానీ కాస్త పెద్దగా గానీ ఉన్న దాత గుండె కోసం చూస్తారు.

గుండె బయట ఉండే సమయం నాలుగు గంటల లోపే ఉండేలా చూస్తారు. ఆ సమయం పెరిగేకొద్దీ ముందుగా నీరసపడేది మళ్లీ ఆ కుడి గదే. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఎల్‌బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో గుండెను చేర్చారు. టీవీలో చూసి ఇంత హడావుడా అనుకున్నవాళ్లుంటారు. పీవీఆర్ 3 ఉన్న పేషెంటు టేబుల్ మీద ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో పోయే అరగంటకు ఎంత విలువో థియేటర్‌లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

ఆరో దశ: ఐసీయూలో మొదటి మూడు రోజులు

నాకు బాగా తెలిసిన చోటు ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆపరేషన్ నుంచి వచ్చిన మనిషి చుట్టూ పది పంపులు, తల దగ్గర మానిటర్ మీద నాలుగు రంగుల గీతలు ఉంటాయి. ఒక గీత చేతి ధమని బీపీ, ఒకటి పీఏ ప్రెషర్, ఒకటి సీవీపీ. సీవీపీ అంటే కుడి గదిలోకి వెళ్లడానికి వరుసలో నిలబడ్డ రక్తం ఒత్తిడి. దాన్ని సాధారణంగా 8 నుంచి 12 మధ్య ఉంచాలని చూస్తాం. అంతకన్నా నీరు ఎక్కువైతే పల్చటి గది సాగిపోయి ఇంకా నీరసపడుతుంది. అందుకే “నోరెండిపోతోంది, కాస్త నీళ్లివ్వండి సిస్టర్” అని పేషెంటు బతిమాలినా మేం దూదితో పెదాలు తడిపి ఊరుకుంటాం. కోపగించుకోకండి.

అటెండెంట్లు తరచూ పొరబడేది ఒక చోట. పీఏ ప్రెషర్ 50 నుంచి 30కి దిగిందని సంబరపడతారు. దిగిన ప్రతిసారీ మంచికే అని కాదు. కుడి గది తోయలేక చేతులెత్తేసినా పీఏ ప్రెషర్ దిగుతుంది. పీఏ తగ్గుతూ, సీవీపీ పెరుగుతూ, చేతి బీపీ పడుతూ, మూత్రం గంటగంటకూ తగ్గుతుంటే అది చెడ్డ కబురు. పీఏ తగ్గి, సీవీపీ కూడా తగ్గి, మూత్రం బాగా వస్తుంటే అది నిజంగా మంచి కబురు. విజిటింగ్ సమయంలో అయిదు నిమిషాలే దొరికితే డాక్టర్ని మూడే అడగండి: సీవీపీ ఎంత, గంటకు మూత్రం ఎంత, నైట్రిక్ ఎంత మీద ఉంది.

నైట్రిక్ అంటే పీల్చే నైట్రిక్ ఆక్సైడ్. వెంటిలేటర్ గొట్టంలో కలిపి, పది లక్షల్లో 20 వంతుల దగ్గర మొదలుపెట్టడం మామూలు. ఇది నేరుగా ఊపిరితిత్తుల నాళాలను తెరుస్తుంది, ఒళ్లంతా బీపీని పడగొట్టదు. దీని గొప్పదనం అదే. ఇబ్బంది కూడా ఉంది. ఒక్కసారిగా ఆపితే ప్రెషర్ మునుపటికన్నా ఎక్కువగా ఎగదన్నుతుంది. 20 నుంచి 10, 10 నుంచి 5 సులువుగానే వస్తుంది. 5 నుంచి సున్నాకు రావడమే కష్టం, ఒక్కో అంకె దించుతూ గంటలు గంటలు చూస్తాం. ఆ సమయంలో ముక్కు గొట్టం ద్వారా సిల్డెనాఫిల్ మొదలుపెట్టడం చాలాచోట్ల వాడుక. నైట్రిక్ నడుస్తున్నంతసేపూ రక్తంలో మెథెమోగ్లోబిన్ చూస్తుంటారు. అది పెరిగితే రక్తం ఆక్సిజన్ మోయలేదు. నైట్రిక్ సౌకర్యం లేని చోట, ఖర్చు మోయలేని చోట పీల్చే ఐలోప్రాస్ట్, నెబ్యులైజర్‌లో మిల్రినోన్ వాడతారు.

నా డ్యూటీ రోజుల్లో భయపడిన క్షణాలు రెండున్నాయి. ఒకటి నైట్రిక్ సిలిండర్ మార్చే సమయం. పక్కన నిండు సిలిండర్ తగిలించి, వాల్వ్ తెరిచి చూసుకున్నాకే పాతది తీసేదాన్ని. రెండోది కఫం తీయడం. ట్యూబులోకి సక్షన్ గొట్టం దిగిన పది సెకన్లలో పీఏ గీత 38 నుంచి 60కి ఎక్కడం చూశాను. ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా, ఒళ్లు చల్లబడినా, నొప్పికి దగ్గినా ఆ నాళాలు ముడుచుకుంటాయి. అందుకే ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, నొప్పి మందు అందిందని చూసుకుని, చప్పున పని ముగిస్తాం. దుప్పటి మీద దుప్పటి ఎందుకు కప్పుతారని అడుగుతారు కదా, కారణం ఇదే.

మిల్రినోన్, డోబుటమిన్, అడ్రినలిన్ కుడి గదికి బలమిస్తాయి. నార్‌అడ్రినలిన్, వాసోప్రెసిన్ చేతి బీపీని నిలబెట్టి ఆ గదికే రక్తం అందేలా చేస్తాయి. కొత్త గుండెకు నరాల పొత్తు ఉండదు కాబట్టి, పేస్‌మేకర్ తీగలతో నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టిస్తారు. ఇవన్నీ చాలకపోతే ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని బయటినుంచి చేసే మెషీన్), లేదంటే కుడి వైపు పంపు. ఎక్మో అనగానే కొందరు ఆశ వదిలేసుకుంటారు. నాళాలు మెత్తబడేదాకా కుడి గదికి కొన్నాళ్లు సెలవు ఇవ్వడమే దాని పని. ముందుగా పెట్టినవాళ్లు కోలుకునే అవకాశం, చివరి నిమిషంలో పెట్టినవాళ్లకన్నా మెరుగు. “ఇప్పుడే ఎందుకు” అని సంతకానికి రెండు గంటలు ఆలోచించకండి.

ఏడో దశ: ఇంటికొచ్చాక మందులు

కొత్త గుండె ఎడమ గది బాగా లాగుతుంది కాబట్టి ఎగదన్నుడు వెంటనే తగ్గుతుంది. నాళాలు మెత్తబడటం మాత్రం వారాలు, నెలల మీద జరుగుతుంది. కొందరు సిల్డెనాఫిల్‌తోనే ఇంటికి వెళ్తారు. లంగ్స్ బీపీకి మామూలుగా 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తారు. ఎకో చూసుకుంటూ మెల్లగా తగ్గించి ఆపేస్తారు.

దీని గురించి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒకావిడ, యాభై దాటిన మనిషి, చీటీ తీసుకెళ్తే మెడికల్ షాపు కుర్రాడు నవ్వాడట. ఆవిడ మందు తీసుకోకుండా వచ్చేసింది. మూడు రోజుల తర్వాత ఆయాసంతో ఫోన్. వయాగ్రాలో ఉండేది ఈ మందేనన్నది నిజమే, ఇక్కడ ఇస్తున్నది మాత్రం ఊపిరితిత్తుల కోసం. ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి.

సిల్డెనాఫిల్ వాడుతున్నంతకాలం నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ గానీ, ఇంకే నైట్రేట్ మందు గానీ వేయకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. మన ఊళ్లలో గుండె పేషెంటు అనగానే ముందు నాలుక కింద బిళ్ల పెడతారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

గుండెను శరీరం తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్‌తో కూడా జాగ్రత్త. ఫంగస్‌కు ఇచ్చే వోరికోనజోల్, ఇట్రాకోనజోల్ మందులు టాక్రోలిమస్‌నూ సిల్డెనాఫిల్‌నూ రెండింటినీ రక్తంలో పెంచేస్తాయి. బోసెంటాన్ దానికి ఉల్టా, టాక్రోలిమస్‌ను తగ్గించేస్తుంది. సైక్లోస్పోరిన్‌తో అయితే బోసెంటాన్ అసలు కలపకూడదు. పంపర పనస, పుల్లటి నారింజ తినకూడదు, ఇవి కూడా మందు స్థాయిని పెంచుతాయి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపర పనసను దేవుడి ప్రసాదమని నోట్లో వేసుకోవద్దు. టాక్రోలిమస్ పరీక్షకు రక్తం ఇచ్చే రోజు పొద్దుటి బిళ్ల వేసుకోకుండా రండి, రక్తం ఇచ్చాక వేసుకోండి. బిళ్ల వేసుకుని వచ్చి ఇస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గిస్తే తిప్పికొట్టే ప్రమాదం.

ఎనిమిదో దశ: తగ్గిన ప్రెషర్ మళ్లీ పెరిగితే

నెలల తర్వాత ఎకోలో ప్రెషర్ మళ్లీ ఎక్కువ కనిపిస్తే పాత జబ్బు తిరగబెట్టిందని తేల్చేయకండి. ముందు చూడాల్సింది కొత్త గుండెను శరీరం తిప్పికొడుతోందా అన్నది. అలా జరిగితే ఎడమ గది బిరుసెక్కి, తూము మళ్లీ మూసుకున్నట్టవుతుంది. బయాప్సీ చేస్తారు, క్యాత్ కలిపి చేసి వెడ్జ్ చూస్తారు. వెడ్జ్ ఎక్కువుంటే కారణం గుండెలోనో, కిడ్నీ మందగించి నిలిచిన నీటిలోనో ఉంది. వెడ్జ్ మామూలుగా ఉండి పీఏ ఎక్కువుంటే ఊపిరితిత్తుల వైపు వెతకాలి: గడ్డలు, స్టెరాయిడ్లతో ఒళ్లు వచ్చి మొదలైన గురక, ఇన్‌ఫెక్షన్.

కొత్త గుండెకు నరాలు తెగి ఉంటాయి కాబట్టి, దాని రక్తనాళాలు మూసుకుపోతున్నా చాలామందికి ఛాతీ నొప్పి రాదు. ఆయాసం, కాళ్ల వాపు, నడక తగ్గడం, కుడి డొక్కలో బరువు, ఇవే దాని గొంతు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

జేబులో పెట్టుకునే కాగితం

అర్ధరాత్రి ఊళ్లో ఆయాసం వస్తే ముందు దగ్గర్లోని ఆసుపత్రికే పోతారు. అక్కడి డాక్టరుకు మీ సంగతి తెలియదు. ఒక చిన్న కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆధార్ కార్డు పక్కన ఉంచండి. గుండె మార్పిడి జరిగిన తేదీ. చివరి క్యాత్‌లో మీన్ పీఏ, వెడ్జ్, పీవీఆర్. వేసుకునే మందులు, మోతాదులతో సహా. “సిల్డెనాఫిల్ వాడుతున్నారు, నైట్రేట్ ఇవ్వొద్దు” అని ఎర్ర ఇంకుతో. “డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు” అని ఇంకో వరుస. “నాడి 100 ఉండటం మామూలే, అట్రోపిన్ పనిచేయదు” అని ఇంకొకటి. కింద మీ ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్ రాత్రి నంబరు. మందు మారిన ప్రతిసారీ పాత కాగితం చింపి కొత్తది రాయండి. సిల్డెనాఫిల్ ఆపాక ఆ ఎర్ర వరుస తీసేయడానికి ముందు డాక్టర్ని అడగండి.